ఎదురు తిరిగిన ఫ్యాన్

మార్చి 3
బావ పికప్‌కి కరెంటు ఫ్యాన్ కొనుక్కొచ్చాడు. కంపెనీది కాదు, బయటిది. ఇంజన్‌తోపాటు ఎప్పుడూ తిరిగే పాత ఫ్యాన్ డీజిల్ తాగేస్తోందట. ఇదైతే వేడెక్కినప్పుడే తిరుగుతుందట. బండి బావది, నడిపేది నేను. ఐసు ఫ్యాక్టరీ నుంచి కొండమీది మార్కెట్‌కి దిమ్మలు తోలడం పని. మెకానిక్‌తో వేయిద్దాం అన్నాను. పెళ్లాం తమ్ముడు పుట్టేదే ఉచిత సలహాలివ్వడానికి అని నవ్వాడు.

మార్చి 5
పాతది విప్పాం. కొత్తదాన్ని రేడియేటర్ వెనక నేను బిగించాను. వైర్లు బావ కలిపాడు. రెండూ నల్లవే. ఒకదానిమీద సన్నటి తెల్లగీత ఉంది. కళ్లద్దాలు తెమ్మంటారా అని అక్క అడిగితే, నేనేమన్నా ముసలాణ్ణా అన్నాడు. ఆయన టేపు చుడుతుంటే వైర్లు పట్టుకున్నది అక్కే.

స్విచ్ వేయగానే ముందు జాలీలోంచి గాలి కొట్టింది. బావ వీధిలోవాళ్లను పిలిచి జాలీ ముందు నిలబెట్టాడు. పక్కింటి టైలర్, ఇది బండి కాదండీ బాబూ, ఏసీ అన్నాడు. బావ ఉబ్బిపోయాడు.

మార్చి 6
గాలి ముందుకెందుకు కొట్టాలి? బయటి గాలిని ఫ్యాన్ లోపలికి లాగాలి. జాలీకి కాగితం ఆనించి చూశాను. అంటుకోవాల్సింది ఎగిరిపోయింది.

బావకు చెప్పాను. నిలబెట్టిన బండిలోనే ఇంజన్ ఆన్ చేసి, టెంపరేచర్ ముల్లు సగం కూడా దాటలేదు, కళ్లు పెట్టుకు చూడు అన్నాడు. లోడుతో ఘాట్ ఎక్కితే అప్పుడు చూడాలి, వైర్లు అటూ ఇటూ మార్చితే సరిపోతుంది అన్నాను. నా చేతిపనికి నువ్వు వంకలు పెడతావా అని విసురుగా వెళ్లిపోయాడు.

అక్క బతిమాలింది. ఆయన అలిగితే ఇంట్లో ముద్ద దిగదు, నోరు మూసుకుని తోలరా అంది. వైర్ల మీద చెయ్యి వెయ్యనని ఒట్టు వేయించుకుంది.

వేశాను.

మార్చి 9
లోడుతో ఎక్కాను. ఎదురొచ్చే గాలి లోపలికి, ఫ్యాన్ గాలి బయటికి. మలుపు దగ్గర ముల్లు ఎర్రగీత దాటింది. ఆపేశాను. ముందు ఆవిరి, వెనక ఐసు. బావకు ఫోన్ చేస్తే, క్లచ్ మీద కాలు పెట్టి తోలుంటావ్ అన్నాడు. ఇంకో బండి వచ్చి లాక్కెళ్లేసరికి దిమ్మలు ఇటుకలంతయ్యాయి.

మార్చి 10
మెకానిక్ ఇంటికొచ్చి వైర్లు మార్చాడు. టీ చల్లారేలోపు అయిపోయింది. ఎవడు కలిపాడండీ, ఫ్యాన్ యజమానికే ఎదురు తిరిగింది అని నవ్వాడు. కరిగిన సరుకు సంగతి తేల్చుకోవడానికి వచ్చిన ఫ్యాక్టరీ మేనేజర్ పక్కనే ఉన్నాడు.

మా బావమరిది అన్నాడు బావ.

అక్క గుమ్మంలో ఉంది. చెప్పక్కా అన్నాను.

ఆ వైర్ల సంగతి నాకేం తెలుసు అంది.

మార్చి 11
బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. కోరాను. డ్రైవర్‌ని తీసేశానని బావ మేనేజర్‌కి చెప్పాడు. ఫ్యాక్టరీ బాడుగ పోకుండా నిలబడింది. అక్క వచ్చి, నీకు ఇంకో బండి దొరుకుతుంది, మాకు ఇంకో ఫ్యాక్టరీ దొరకదు కదరా అంది. నిజమే. గుమ్మంలో చెప్పాల్సింది కూడా నిజమే.

మార్చి 12
తాళం ఇచ్చేశాను. అక్క తీసుకుంది.

మార్చి 19, ఉదయం
అక్క ఫోన్. కొత్త డ్రైవర్‌కి ఘాట్‌లో సెకండ్ గేర్ పడట్లేదట. నువ్వెలా వేసేవాడివిరా అని అడిగింది.

చెప్పాను.