లూషియస్‌ను తీసుకురావడానికి వెళ్తున్నాను

ఆంబ్రోస్,

మొక్కజొన్న రొట్టె పొయ్యి పక్కన పెట్టాను. క్వినైన్ చుక్క కూడా లేదు. మీ అమ్మగారికి జ్వరం వస్తే డాగ్‌వుడ్ బెరడు కషాయం మీరే కాచి ఇవ్వండి. గుర్రాన్ని నేను తీసుకెళ్తున్నాను, రోగుల దగ్గరికి నడిచి వెళ్ళండి.

మా తమ్ముడు లూషియస్, మేకన్ పట్నంలోని సైనికుల ఆసుపత్రిలో రక్తం కక్కుతున్నాడట. ఇవాళ పొద్దున్నే కబురొచ్చింది. సైన్యంలోకి తీసుకునేటప్పుడు వాడి ఛాతీ మీద చెవి పెట్టి విన్న డాక్టరు మీరే. వాడితో "భేషుగ్గా ఉన్నావు, వెళ్ళు" అన్నారు. ఇంటికొచ్చాక నాతో ఏమన్నారు? "ఊపిరితిత్తులు బాగాలేవు. కానీ సొంత బావమరిదిని సైన్యానికి పంపకుండా వదిలేస్తే ఊరంతా నా మొహాన ఉమ్మేస్తుంది." మీ మొహం శుభ్రంగానే ఉంది లెండి.

ముందు గదిలో మంచం వాడికి కావాలి. మీరు మందుల గదిలో పడుకోండి. ఇకమీదట కూడా అక్కడే.

థియోడోషా

మరిచాను. కబురులో వాడు అడిగింది నన్ను కాదు. "బావని పంపక్కా, బావ చూస్తే తగ్గిపోతుంది" అన్నాడట. వాడికి నేనేమీ చెప్పను. తీసుకొచ్చాక మీరే చెప్పండి, వాడి కళ్ళలోకి చూస్తూ.