రెండో జంట

నా బుల్లి డాక్టరమ్మకు,

అమ్మ దీవెనలు. ముందే చెబుతున్నాను, ఎవరికీ ఏమీ కాలేదు. ఉత్తరం చూసి గుండెలు బాదుకోకు. ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఫోనులో నా గొంతు నా మాట వినదే. హలో అనగానే దానికి వేషం వచ్చేస్తుంది. నువ్వు నవ్వుతావు, నేను ఇంకాస్త నవ్విస్తాను, చెప్పాల్సింది చెప్పకుండానే ఇద్దరం పెట్టేస్తాం. కాగితంతో ఆ తిప్పలు లేవు. అది నన్ను చూసి నవ్వదు.

విషయం ఏమిటంటే, నాకు హీరోయిన్ వేషం వచ్చింది.

నవ్వుకో, పరవాలేదు. నేనూ నవ్వాను. డైరెక్టరమ్మాయి వచ్చి మన హాల్లో, నాన్న చేసిన ఊగే కుర్చీలో కూర్చుంది. నీకంటే చిన్నది. "మీరే హీరోయిన్, మీ పాత జోడీ గొడుగు గారే హీరో" అంది. నేను వెనక్కి తిరిగి చూశాను. అలవాటు మరి. నలభై ఏళ్ళుగా ఆ మాట ఎవరన్నా నా వెనక ఇంకెవరో నిలబడి ఉంటూ వచ్చారు. ఈసారి చూస్తే గోడ మాత్రమే ఉంది. దానికి సున్నం కూడా వెయ్యాలి.

కథ చిన్నదే. గడియారాలు బాగుచేసుకునే ఒక పెద్దాయన, ఆయనకి మేడ మీది వాటా అద్దెకిచ్చిన ఒక పెద్దావిడ. ఇద్దరికీ పడదు. తర్వాత పడుతుంది. ప్రేమ హాస్యచిత్రం ఏ కాలంలోనైనా అంతే అనుకో. మారింది ఎవరికి ఎవరు పడాలన్న సంగతే.

నేను సినిమాల్లోకి వచ్చిన కొత్తలో ప్రేమకథ అంటే రెండు జంటలు. నడిమధ్య ఒకటి, పక్కన మేం. మా కామెడీ ట్రాకు రాసేది వేరే రచయిత. తీసేది సెట్టు మూలన, పెద్దవాళ్ళ లైట్లు ఖాళీ అయినప్పుడు. నేను నటించిన సినిమాల్లో చాలామంది హీరోలను మొదటిసారి చూసింది థియేటర్లో టిక్కెట్టు కొనుక్కునే. మా జంటలో మీ గొడుగు మామయ్య చేతిలో ఎప్పుడూ ఒక గొడుగుండేది, నా చేతిలో ఒక గరిటె. కెమెరా తిరుగుతుంటే "ఏమయ్యోయ్" అనేదాన్ని, ఆగగానే "అన్నయ్యా, కాస్త మంచినీళ్ళు" అనేదాన్ని.

అప్పటి హీరోయిన్లను తలుచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది. హీరో వెంటపడతాడు, ఆమె వద్దంటుంది. ఆ వద్దు ఎవరి చెవికీ ఎక్కకముందే పాట మొదలయ్యేది. ఆమె చెయ్యెత్తకూడదు, నోరారా నవ్వకూడదు, నోటినిండా తినకూడదు. కాలు జారితే హీరో చేతుల్లోనే పడాలి. అదే నేనైతేనా? వద్దంటే వద్దే, ఆ పైన గరిటె తిరగేసేదాన్ని. పడితే దబ్బున నేల మీదే పడేదాన్ని, అటువైపు పరుపు పెట్టి ఉందో లేదో మీ నాన్న చూసుకునేవాడు. సెట్టు వడ్రంగిగా ఆయన చేసిన తలుపుల్లో సగం నేను పడటానికే చేశాడు. ఇక మనసైతే నేనే అడిగేసేదాన్ని, "ఏమయ్యోయ్, పెళ్ళి మాట నువ్వెత్తుతావా, నన్నెత్తమంటావా?" అని. ఆ ప్రేమకథలన్నింటిలో తనకు తోచినట్టు బతికిన ఆడది నేనొక్కదాన్నే. జనం నవ్వే హడావుడిలో ఉండి ఆ సంగతి గమనించలేదు.

తర్వాత హీరోలే నవ్వించడం నేర్చుకున్నారు. ఇంక మా జంటతో ఎవరికి పని? గొడుగు మామయ్య హీరోకి స్నేహితుడయ్యాడు. నేను హీరోయిన్‌కి అమ్మనయ్యాను. ఫోను చెవికి ఆనించుకుని "ఎక్కడున్నావే?" అనడమే నా పాత్ర. ఆమె ఎక్కడుండేదో కథంతా అక్కడ నడిచేది. రైలు వెనక పరిగెత్తే హీరోలు పోయి విమానం వెనక పరిగెత్తేవాళ్ళొచ్చారు. ఇప్పుడు పరుగే లేదు, పంపిన మెసేజి చూసుకుందా లేదా అన్నదగ్గరే ప్రాణాలు బిగబట్టుకోవాలి. మొన్నొక సినిమాలో ఇద్దరు కాఫీ ముందు పెట్టుకుని అలా మాట్లాడుతూనే ఉన్నారు. ప్రేమ సంగతేమో గానీ, చల్లారిపోతున్న ఆ కాఫీని చూసి నాకు ప్రాణం ఉసూరుమంది.

కానీ అందులోని పిల్లను చూశానే, ఆ హీరోయిన్‌ను. వద్దంటే వద్దే అంటోంది. బుగ్గలు ఉబ్బేలా తింటోంది. కుర్చీ తన్నుకుని నేల మీద పడి, పడ్డచోటే కూర్చుని నవ్వుతోంది. మనసులో మాట ముందు తనే చెబుతోంది. ఓసినీ, ఇది నేనే కదా అనుకున్నాను. గరిటె ఒక్కటే తక్కువ. ఇదే మాట డైరెక్టరమ్మాయితో అంటే ఆమె ఊగే కుర్చీ ఆపేసి, "మరి నేను మీ దగ్గరికెందుకొచ్చాననుకున్నారు? మా హీరోయిన్లందరికీ పుట్టిల్లు మీ ట్రాకులే" అంది. అప్పుడు నా మెడ ఎంత నిక్కిందో నువ్వు చూడాల్సింది. నాన్న ఉంటే దించడానికి నిచ్చెన తెచ్చేవాడు.

అయినా నేను చెయ్యనని చెప్పబోతున్నాను. ఎందుకో నీకు ఒక్కదానికే చెబుతాను.

నువ్వు ఏడో తరగతిలో ఉండగా, బడి వార్షికోత్సవం రోజు పొద్దున, "అమ్మా, నువ్వు రాకు. నాన్నొస్తే చాలు" అన్నావు. ఎందుకని నేను అడగలేదు. అడగాలా? బస్సు కోసం నిలబడితే పిల్లలు నన్ను చూసి నాలాగే దబ్బున పడి నవ్వేవాళ్ళు. నీ ముందు కూడా పడుంటారులే అనుకున్నాను. ఇస్త్రీ చేసి పెట్టుకున్న బట్టలు మళ్ళీ పెట్టెలో పెట్టేశాను. ఆ తర్వాత నీ బడికి గానీ కాలేజీకి గానీ నేను రాలేదు. నువ్వు పట్టా పుచ్చుకున్న రోజు జ్వరమన్నాను చూడు, జ్వరం లేదు. వంటింట్లో కూర్చుని గడియారం చూసుకుంటూ, ఇప్పుడు పేరు పిలిచుంటారు, ఇప్పుడు చప్పట్లు కొట్టుంటారు అనుకున్నాను. తల్లీ, నాకు చాలా బాధేసింది. ఇన్నేళ్ళూ అది ఎక్కడా కనపడనివ్వలేదు. అందరూ అనుకునేంత చిన్న నటిని కాదులే.

ఇప్పుడు ఈ వేషం వేస్తే, నీ పశువుల ఆస్పత్రి ఎదుటి గోడ మీది పోస్టరులో, పెద్ద అక్షరాల కింద, ప్రేమగా చూస్తూ మీ అమ్మ. పక్కన గొడుగు మామయ్య. కుక్కపిల్లలకు సూదిమందు వేయించడానికి వచ్చేవాళ్ళు నిన్నూ గోడనూ మార్చి మార్చి చూస్తారు. నవ్వించడం నా వృత్తి. నిన్ను నవ్వులపాలు చెయ్యడం కాదు. ఈ వారం లోపల ఆ అమ్మాయికి మాట చెప్పాలి. చెప్పేస్తాను.

ఇంకొకటి. నువ్వు పుట్టిన ఏడాది మేం చేసిన సినిమా ప్రింటును శుభ్రం చేయించి మీ ఊళ్ళో వేస్తున్నారట, అప్పట్లో తీసిన పూర్తి వెడల్పుతో. డైరెక్టరమ్మాయి ఇచ్చిన రెండు టిక్కెట్లు ఇందులో పెట్టాను. తీరితే వెళ్ళు. వెళితే మాత్రం చివరిదాకా కూర్చో. జనం ముందే లేస్తారు. నువ్వు లేవకు.

ఇట్లు,
నీ అమ్మ

అమ్మా,

నేనూ ఫోను చెయ్యలేదు. నీ గొంతు వింటే ఏడుస్తాను, నువ్వు నవ్వించేస్తావు, అప్పుడు నా ఏడుపు వృథా అయిపోతుంది. అందుకే రాస్తున్నాను. డైరెక్టరమ్మాయికి చెప్పాల్సింది ఇంకా చెప్పకపోతే చెప్పకు. చెప్పేసుంటే వెంటనే వెళ్ళి వెనక్కి తీసుకో.

వార్షికోత్సవం సంగతి ముందు చెబుతాను. నాకు అన్నం తినిపించేటప్పుడు నువ్వు చెప్పే కథ గుర్తుందా? "నువ్వు పుట్టిన ఏడాది చేసిన సినిమా ఆఖర్లో అందరం వరసగా నిలబడ్డాం. నేను నిన్నెత్తుకున్నాను. నువ్వేమో గొడుగు మామయ్య పెట్టుడు మీసం పట్టుకుని పీకేశావు. ఫిల్ము అయిపోయింది, మళ్ళీ తియ్యడానికి లేదు. ఆ మీసం అలాగే తెరకెక్కింది!" రోజూ అదే కథ. నేను దాన్ని బడిలో అందరికీ చెప్పాను. నేను కూడా సినిమాలో ఉన్నానన్నాను.

ఒక ఆదివారం టీవీలో ఆ సినిమా వేశారు. మా తరగతిలో సగంమంది ఎదురింటివాళ్ళ హాల్లో చేరాం. సినిమా అయ్యేదాకా నేను యజమానురాలిలా కూర్చున్నాను. చివరి షాటు వచ్చింది. మధ్యలో హీరో, హీరోయిన్. కుడివైపు చిట్టచివర నీ మోచెయ్యి. అంతే. నువ్వు లేవు, నేను లేను, మీసం లేదు. శుభం పడిపోయింది. ఆ రోజు నుంచి నాకు బడిలో కోతలరాణి అని పేరు.

ఇంటికొచ్చి నిన్నడిగితే, "సినిమా వెడల్పు, టీవీ చదరం. పట్టక అంచులు కోసేస్తారే పిచ్చిమొహమా. కోస్తే పోయేది ఎప్పుడూ మేమే" అని నవ్వావు. అమ్మా, నువ్వు నవ్వుతూ చెప్పేవాటిలో ఏది నిజమో ఏది ట్రాకో నాకు తెలిసేది కాదు. నన్ను మురిపించడానికి కల్పించావనుకున్నాను. వార్షికోత్సవానికి వస్తే వాళ్ళు నిన్నే అడుగుతారు. నువ్వు అదే కథ చెబుతావు. అప్పుడు నిన్ను కూడా కోతలమ్మ అంటారు. నన్నంటే పడ్డాను గానీ, నిన్నంటే నేను పడలేను. అందుకే రాకన్నాను.

నువ్వు కిందపడితే నాకు సిగ్గా? ఆటస్థలంలో నీలా ఎలా పడాలో పిల్లలకు నేర్పింది నేనే. ఒక్కొక్కరి దగ్గర ఒక పెన్సిలు పుచ్చుకునేదాన్ని కూడా. ఇన్నేళ్ళు నువ్వు అలా అనుకుంటూ కూర్చున్నావా? నాకైనా తట్టొద్దూ, ప్రతిసారీ నీకు సరిగ్గా ఆ రోజే జ్వరమెందుకొస్తోందని!

నిన్న మా ఆస్పత్రి నర్సమ్మను వెంటబెట్టుకుని సినిమాకు వెళ్ళాను. హాలంతా కుర్రకారు. హీరో వెంటపడుతుంటే మా పక్కసీట్లో అమ్మాయిలు, "వద్దంటోందిగా, చెవుడా నీకు?" అని తెర మీదికే అరిచారు. పాపం, ఆ పాట ఎవరూ వినలేదు. నువ్వు గరిటె పట్టుకుని గుమ్మంలోకి రాగానే ఈలలు! నాన్న చేసిన తలుపు ఊడి దాంతోపాటే నువ్వు పడ్డప్పుడు నా వెనక ఒకబ్బాయి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "ఎవరండీ ఈవిడ, ఇప్పటి సినిమాలోంచి అందులోకి దూరినట్టుంది" అన్నాడు. నర్సమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. నాకు చివరి షాటు భయం పట్టుకుంది.

వచ్చింది. జనం లేస్తున్నారు. నేను నర్సమ్మ చెయ్యి పట్టుకున్నాను. మధ్యలో వాళ్ళిద్దరు. తెర కుడివైపుకి ఇంకా ఉంది, ఇంకా ఉంది. అక్కడ నువ్వు. నీ చంకన చొంగ కార్చుకుంటున్న ఒక గుండు. అది నేనే. నా చెయ్యి మీసం మీదికి వెళ్ళింది. ఒక్క పీకు! మీసం మామయ్య పెదవికి ఒకవైపు వేలాడుతోంది, ఆయన మాత్రం నవ్వు చెదరనివ్వలేదు. నీ మొహం కెమెరాకి నవ్వుతోంది, కళ్ళు నన్ను తిడుతున్నాయి. నడిమధ్య జంటకు ఇదేమీ తెలీదు. లేచినవాళ్ళు లేచినట్టే ఆగిపోయి పగలబడి నవ్వారు. సినిమా మొత్తంలో అంత నవ్వు ఇంకెక్కడా రాలేదమ్మా. ఆ నవ్వు నాది!

నేనేం చేశానో తెలుసా? లేచి నిలబడి, "ఆ పిల్లను నేనే! ఎత్తుకున్నావిడ మా అమ్మ!" అని అరిచాను. నర్సమ్మ కూర్చోమని చొక్కా లాగింది. ఎవరూ కోతలనలేదు. నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. బయటికొచ్చేదాకా నా మెడ దిగలేదు. అది మనింటి జబ్బనుకుంటాను.

వేషం ఒప్పుకో. ఆ పోస్టరు మా ఎదుటి గోడ మీద అంటించకపోతే నేనే పిండి కలుపుకుని వెళ్ళి అంటిస్తాను.

ఇట్లు,
మీసం పీకిన నీ కూతురు

నా గుండు డాక్టరమ్మకు,

నీ ఉత్తరం చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాను. ఏడ్చాను. అద్దంలో చూసుకుంటే బాగానే ఏడుస్తున్నాననిపించింది, ఈ సినిమాకు పనికొస్తుందనుకున్నాను. ఆ తర్వాత డైరెక్టరమ్మాయికి ఫోను చేశాను. ఎందుకు రాయలేదంటావా, శుభవార్తకి నా గొంతే మంచిది.

షూటింగు సగం దాటింది. మొదటిరోజు గుమ్మం తగిలి నేను పడితే "హీరోయిన్ గారు పడిపోయారు!" అని సెట్టంతా పరిగెత్తుకొచ్చింది. కావాలనే పడ్డానని చెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఇన్నేళ్ళలో నేను పడితే ఎవరూ పరిగెత్తుకొచ్చింది లేదు, మీ నాన్న తప్ప. మీ గొడుగు మామయ్యతో నాకు రోజూ గొడవే. ప్రేమ సన్నివేశం మధ్యలో నోరుజారి "అన్నయ్యా" అన్నానని నాలుగుసార్లు మళ్ళీ తీశారు. "అమ్మా, ఇరవయ్యేళ్ళవాళ్ళకు కూడా ఇంత కష్టపడలేదు నేను" అని డైరెక్టరమ్మాయి దణ్ణం పెట్టింది.

చివరి షాటు వచ్చేవారం. అందరం వరసగా నిలబడాలి, నడిమధ్య నేనూ ఆయనా. మొహమాటానికి కూడా పక్కకు జరగను. ఆ మధ్యకు నలభై ఏళ్ళు నడిచొచ్చాను, గరిటె పట్టుకుని, పడుతూ లేస్తూ. అక్కడే నిలబడతాను. ఒక్కటి మాత్రం అడిగాను, కుడివైపు చిట్టచివర ఒక మనిషి పట్టే చోటు ఖాళీగా ఉంచమని. ఇప్పుడు టీవీలు కూడా వెడల్పయ్యాయట, ఎవరూ ఏమీ కొయ్యరట. డైరెక్టరమ్మాయి సరేనంది.

ఆ చోటు నీది. తీసుకెళ్ళడానికి నేనే వస్తున్నాను. ఈ శనివారం పొద్దున, ఇస్త్రీ చేసిన బట్టల్లో, తిన్నగా నీ ఆస్పత్రికి. కుక్కలవాళ్ళు, పిల్లులవాళ్ళు అందరూ ఉన్నప్పుడే వస్తాను. నర్సమ్మకు చెప్పి ఉంచు, గుమ్మం దగ్గర పడమంటే పడతాను, మోమాటం లేదు. జ్వరం రాదులే.

ఈసారి నిన్నెత్తుకోలేను, నడుము ఒప్పుకోదు. నీ కాళ్ళ మీద నువ్వే నిలబడాలి. గొడుగు మామయ్యకు మళ్ళీ పెట్టుడు మీసమే. నువ్వొస్తున్నావని చెప్పాను. "అయితే ఆ రోజు జిగురు తక్కువ పెట్టించుకుంటాను" అన్నాడు.

ఇట్లు,
మొదటి జంటలోని మీ అమ్మ