చూడకుండా చెప్పిన అవును

మార్చి 4, మంగళవారం

డేటాబేస్ ఉన్న డిస్కు మొరాయిస్తోంది. ఇంజనీర్ వచ్చి చూసి, శనివారం కొత్తది పెడతానన్నాడు. ఈలోగా మీ బ్యాకప్‌లు బాగున్నాయో లేదో చూసుకోండి మేడమ్ అన్నాడు. నాకు నవ్వొచ్చింది. రోజూ పొద్దున్న స్క్రీన్ మీద ‘బ్యాకప్ సక్సెస్’ చూశాకే నేను కాఫీ ముట్టుకునేది. ఏడాదికి పైగా ఆ మెసేజ్ ఒక్కరోజు తప్పలేదు.

అదంతా మాస్టారి చలవ. ఈ బీమా ఆఫీసులో నాకు అఆల నుంచి పని నేర్పింది ఆయనే. మా మెయిన్‌ఫ్రేమ్ ఒక్కటే గానీ దాని లోపల వర్చువల్ మెషీన్లు ఉమ్మడి కాపురం చేస్తుంటాయి. ఒకటి డేటాబేస్‌ని నడుపుతుంది. ఒకటి రోజూ దానికి టేపు మీద కాపీ తీస్తుంది. కాపీ మధ్యలో వచ్చే ప్రశ్నకు జవాబు కొట్టడానికి మరొకటి. దానికి మేం పెట్టిన పేరు గంగిరెద్దు. పూర్వం ఆ జవాబు మనిషి కొట్టేవాడు. మెషీన్ అడగ్గానే జవాబు కొట్టకు తల్లీ, లేచి వెళ్లి చూసి కొట్టు: మాస్టారు నేర్పిన మొదటి పాఠం అది. పోయిన ఏడాది చివర్లో రిటైరయ్యారు. ఇప్పటికీ ఏదైనా తిరకాసు వస్తే ముందు ఆయనే గుర్తొస్తారు.

మార్చి 5, బుధవారం

నిన్నటి టేపు తీసి టెస్ట్ మెషీన్‌లోకి రిస్టోర్ చేయబోయాను. ఖాళీ. మొన్నటిది ఖాళీ. పోయిన నెలది ఖాళీ.

కాఫీ తాగలేదు.

మార్చి 6, గురువారం

దొరికింది. టేపు డ్రైవ్ మార్చినప్పుడు దాని నంబర్ మారింది. కాపీ తీసే మెషీన్‌కి ఎవరూ ఆ సంగతి చెప్పలేదు. అది రోజూ పాత డ్రైవ్ కోసం వెతికి, టేపు దొరకలేదు, టేపు లేకుండానే కానివ్వనా అని అడుగుతోంది. గంగిరెద్దు అవునంటోంది. ఇంకేముంది, డేటా అంతా చదివి, చిల్లుకుండలో పోసి, సక్సెస్ అని మాకు మెసేజ్ పెడుతోంది.

గంగిరెద్దుకి నేర్పింది ఒక్క ప్రశ్నే: టేపు మార్చారా? ఏం అడిగినా అవునను అని తర్వాత ఎవరో మార్చారు. మార్చిన యూజర్ ఐడీ చూశాను.

నాది.

మార్చి 7, శుక్రవారం, ఉదయం 7

ఎప్పుడు మార్చారో కూడా ఉంది. తేదీ చూసి ముందు పోల్చుకోలేదు. ఇంట్లో పాప తప్పటడుగులు వేస్తూ వచ్చి నా కాళ్లు పట్టుకున్నాక వెలిగింది. పాప పుట్టిన రోజది. ఆరోజంతా నేను లేబర్ రూమ్‌లో ఉన్నాను.

ఆసుపత్రికి బయల్దేరేముందు మాస్టారు ఫోన్ చేశారు. నీ ఐడీతో ఏదైనా పని పడొచ్చు, పాస్‌వర్డ్ చెప్పి వెళ్లు తల్లీ, రేపు పచ్చి బాలింతని విసిగించడమెందుకు అన్నారు. చెప్పాను. ఆ పాస్‌వర్డ్, పుట్టబోయే పాపకి నేను అనుకున్న పేరు. అప్పటికింకా మా ఆయనకి కూడా చెప్పలేదు.

మార్చి 7, సాయంత్రం 5

దగ్గర కూర్చుని, నేనే జవాబులు కొడుతూ కాపీ తీశాను. సగం దాటాక డిస్కు చేతులెత్తేసింది. అక్కడిదాకా వచ్చింది దక్కింది. ఈ ఏడాది క్లెయిములు పోయాయి.

మార్చి 10, సోమవారం

క్లర్కులంతా క్లెయిములు కాగితాలు చూసి మళ్లీ టైపు చేస్తున్నారు. నేను నడిచి వెళ్తుంటే టైపింగ్ ఆగుతోంది.

మాస్టారికి ఫోన్ చేశాను. దాచలేదు ఆయన. డ్రైవ్ మారాక కాపీ రోజూ ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయేదట. తెల్లారకముందే ఇంటికి ఫోన్లు. రెండ్రోజులకని అలా పెట్టి మర్చిపోయారట. తప్పు నాదే తల్లీ, నేనొచ్చి పెద్దసారుతో చెప్తాను, నువ్వు బెంగపడకు అన్నారు. నాకు ఏడుపొచ్చింది, తేలికపడి. పొరపాటు ఎవరికి జరగదు? మా ఆయనతో చెప్తే, అలాంటి మనిషి దొరకడం నీ అదృష్టం అన్నాడు.

మార్చి 12, బుధవారం

వచ్చారు. ఇస్త్రీ చొక్కా. నన్ను పలకరించి, పాప నడుస్తోందా అని అడిగారు. ఇద్దరం లోపలికి వెళ్లాక పెద్దసారు సూటిగా అడిగేశారు, గంగిరెద్దుని మార్చిందెవరని.

నాకు తెలీదన్నారు మాస్టారు. నేను పనిచేసినన్నాళ్లూ సక్సెసే కదా సార్ అన్నారు. అమ్మాయి పనిమంతురాలే, కాన్పయ్యాక ధ్యాస తగ్గింది పాపం అన్నారు. నా వైపు చూడలేదు.

తేదీ చెప్పాను. ఆరోజు ఎక్కడున్నానో చెప్పాను. పాస్‌వర్డ్ ఎవరికిచ్చానో చెప్పాను. పెద్దసారు కళ్లజోడు తీసి, అంటే పాస్‌వర్డ్ ఇచ్చిన మాట నిజమేనన్నమాట అన్నారు. మాస్టారు తలూపారు. ఎంత బుద్ధిగా ఊపారో.

మార్చి 13, గురువారం

‘పాపం’ అన్నారు. అదే అన్నిటికంటే ఎక్కువ మండుతోంది.

మార్చి 17, సోమవారం

మెమో ఇచ్చారు. పాస్‌వర్డ్ ఇచ్చినందుకు. అది నా తప్పే, సంతకం పెట్టాను. గంగిరెద్దు సంగతి మాత్రం ‘నిర్ధారణ కాలేదు’ అట. ఉద్యోగం ఉంచారు. తీసేస్తే ఈ మెషీన్ గోడు వినే నాథుడు లేడు మరి.

గంగిరెద్దుని ఆపేశాను. దాన్ని మళ్లీ సరిచేసేదాకా నేనే జవాబు కొడతాను. ఈరోజు టేపు మార్చారా అని అడిగింది. లేచి వెళ్లి చూశాను. మార్చలేదు. లేదని కొట్టాను.

పాస్‌వర్డ్ మార్చాను. పాప పేరు పాపకే ఉండనీ.

మార్చి 24, సోమవారం

మాస్టారు ఫోన్ చేశారు. నా మీద కోపమేం లేదుగా తల్లీ అన్నారు.

వెంటనే జవాబు చెప్పలేదు. ఆయన నేర్పినట్టే, ముందు చూసుకున్నాను.

ఉందన్నాను.