ఐదింటికి లేపమన్నావు

అక్కా, అన్నం, కూర పొయ్యి పక్కన మూతపెట్టి ఉన్నాయి. నీళ్ల మోటారు తొమ్మిదింటికల్లా ఆపెయ్యి. మేమంతా అమ్యూజ్‌మెంట్ పార్కుకి వెళ్తున్నాం. నువ్వు ఐదింటికి లేపమన్నావు. నేనే లేపలేదు. "అక్కకి తలనొప్పట, రానంది" అని అమ్మతో చెప్పాను. నోట్లో నాలుక లేనిదాన్ని కదా, నమ్మేసి నిన్ను పడుకోనివ్వమంది.

మొన్న పెదనాన్న వాళ్ల ముందు నా డైరీ పైకి చదివి అందరినీ నవ్వించావు. రోలర్ కోస్టర్ పుట్టింది మంచు మీద జారే ఆట నుంచేనంటూ, ఆర్నెల్లు కూర్చుని నువ్వు రాసుకున్న పార్కుల చరిత్ర ఇప్పుడు నా సంచిలో ఉంది. దారిలో నేనే చదివి వినిపిస్తాను.

ఇది రాస్తుంటే నిద్రలోనే "టైమెంతయిందే?" అన్నావు. అప్పటికే అందరూ కారెక్కేశారు. "నాలుగేలే, పడుకో" అన్నాను.