సుగుణమ్మ టీచరుగారి కుడిచెయ్యి

అమలాపురం, 12 ఆగస్టు 2003

సుగుణమ్మ టీచరుగారి భర్త ప్రకాశరావుగారు ఈ తెల్లవారుజామున గుండెపోటుతో పోయారు.

నిరుడు పక్షవాతంతో టీచరుగారి కుడివైపు పడిపోయినప్పటి నుంచి ఫిజియోథెరపీ నాదే. నాదంటే, వారానికోసారి రాజోలు వెళ్ళి చూసి రావడమే. రోజూ కాఫీ కూడా తాగకముందే పక్కన కూర్చుని ఆ చేతిని మెల్లగా లేపించింది ఆయనే. ఇంట్లో మనిషికి నేర్పితేనే రోగి కోలుకుంటారని ఇన్నేళ్ళుగా నమ్మాను. ఎన్ని ఇళ్ళలో నేర్పానో. నేర్చుకున్న మనిషే ముందు పోతే ఏం చెయ్యాలన్నది ఎప్పుడూ ఆలోచించలేదు.

సాయంత్రం సమాధుల తోట నుంచి వచ్చాక ఆవిడ మంచం పక్కన కూర్చున్నాను.

"కొన్నాళ్ళు వ్యాయామం ఆపుదామండీ" అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. మాట ఇంకా ముద్దగానే వస్తోంది.

"ఆయన ఊరుకోరండీ. పొద్దున్న కూడా చేయించేరు కదా..." అని ఆగారు. "కాదు. నిన్న."

ఎడమచేత్తో కుడిచేతిని తీసుకుని నా చేతిలో పెట్టారు. నేను మెల్లగా లేపి, నొప్పి పుడుతుందేమోనని భుజం ఎత్తున ఆపేశాను.

"ఆయన ఇక్కడ ఆపేవారు కాదండీ. ఇంకొంచెం."

లేపాను. ఆ చెయ్యి ఎక్కడా పట్టెయ్యకుండా తల దాటి పైకి వెళ్ళింది. నేను ఆశించినదానికంటే ఎంతో పైకి. అప్పుడు ఏడ్చారావిడ, పొద్దుటి నుంచి మొదటిసారి.

తెల్లారితే ఆ చెయ్యి ఎవరు పట్టుకుంటారో...