కల్లు వల్ల కాదు, రాయి వల్ల

ఇలోయిలో నగర ఆసుపత్రి,
సోమవారం.

అమ్మా, నాన్న కోలుకుంటున్నాడు. ముందు ఆ మాట చదివి ఊపిరి పీల్చుకో.

శుక్రవారం పడవ దగ్గర వల సర్దుతూ కడుపు పట్టుకుని కూలబడ్డాడు. నొప్పి వీపులోకి పాకింది, ఒకటే వాంతులు. ఎలిసియో మావయ్య ఇక్కడికి మోసుకొచ్చి, "మళ్ళీ కల్లుకుండ పట్టావా బావా? మా అక్క సెబూ వెళ్ళిపోయింది ఇందుకే కదా!" అన్నాడు. నువ్వు వెళ్ళాక మానేశానని చెప్పే ఓపిక కూడా నాన్నకు లేదు.

రక్తపరీక్షలో లైపేజ్ అనే ఎంజైమ్ బాగా పెరిగింది, క్లోమం వాచిందని డాక్టరమ్మ చెప్పింది. "తాగుడేగా?" అన్నాడు మావయ్య. "లైపేజ్ వాపు ఉందనే చెబుతుంది, ఎందుకొచ్చిందో చెప్పదు. లివర్ ఎంజైమ్ కూడా చాలా ఎక్కువుంది. తాగుడుతో వచ్చిన వాపులో అది ఇంతలా పెరగడం అరుదు. పిత్తాశయంలోంచి రాయి జారి క్లోమం నాళానికి అడ్డుపడి ఉంటుంది" అందావిడ. స్కానింగులో రాళ్ళు కనబడ్డాయి.

నాన్న దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చాడు. "మీ అమ్మకి నా రక్తపరీక్ష సంగతి రాయవే" అన్నాడు.

వాపు తగ్గాక ఆపరేషన్. నూనె లేని గంజి పెట్టమన్నారు. నువ్వు అల్లం ఎప్పుడు వేస్తావు? నేను కాచింది మింగి, "మీ అమ్మది ఇలా ఉండదు" అంటాడు. నీ మోకాలినొప్పి తగ్గిందా? మీ యజమానురాలు సెలవిస్తుందా?

నిన్ను రమ్మని మాత్రం రాయొద్దన్నాడు. నేను రాస్తున్నాను. రా అమ్మా.

మేరీమాత నిన్ను చల్లగా చూడాలి.

నీ నెరిస్సా