పేరెత్తితే విందు

కోరాపుట్
3 నవంబరు 2025

ప్రియమైన మహాప్రసాద్,

ఈ నెల 23, ఆదివారం ఖాళీ పెట్టుకో. నిన్ను బ్రంచికి తీసుకెళ్తున్నాను. కంగారుపడకు, అది జబ్బు పేరు కాదు. టిఫిను వేళ దాటిపోయి, భోజనం వేళ ఇంకా రాని డబ్బున్నవాళ్ళకి ఆదివారం పూట పెద్ద హోటళ్ళలో పెట్టే తిండి. పదకొండింటికి కూర్చుంటే మూడింటిదాకా ఎవరూ లెమ్మనరు.

మూడు చోట్లు చూశాను. జయపురంలో ఒక హోటలుంది, అరవై రకాలట. కానీ పాటల హోరులో నువ్వు చెప్పేది నాకూ, నేను చెప్పేది నీకూ వినపడదు. రాయగడలో మీ ఇంటి దగ్గరే ఒకటుంది గానీ, అక్కడైతే నీ బడి పిల్లల తల్లిదండ్రులంతా "నమస్కారం మేడమ్" అంటుంటే నువ్వు ఇడ్లీని కూడా చెంచాతో తింటావు. మూడోది ఇక్కడే, లమ్తపుట్ వెళ్ళే రోడ్డులో కొండ మీద కొత్త రిసార్టు. అదే ఖాయం చేశాను.

స్వయంగా వెళ్ళి చూసొచ్చాను కూడా. మెట్లెన్నని మేనేజరు బిశ్వజిత్‌ని అడిగితే పదకొండన్నాడు. లెక్కపెడితే పదమూడున్నాయి. నీ మోకాళ్ళకి పక్కనుంచి వాలు దారి ఉందిలే. పుట్టగొడుగుల వాసన నీకు పడదంటే ఆ గిన్నె బల్ల చివరికి జరుపుతానన్నాడు.

ఎందుకీ విందు అని అడక్కు. వచ్చాక చెప్తాను. ఫోను అసలే చెయ్యకు, నా నోరు ఆగదని నీకు తెలుసు.

మనవరాలు బావుంది. ఒడియా వాళ్ళ పద్ధతిలో ఇరవయ్యొకటో రోజు వేడుక చేశాం. ఇన్‌స్పెక్షను అని నువ్వు రాలేదు. నా కొడుకూ కోడలూ, అదే మన అనురాగ్, సస్మిత, నిద్రలేక తూలుతున్నారు. పాప పేరు కూడా వచ్చాకే చెప్తాను.

నీ దారి చూస్తూ,
నీ మహాప్రసాద్,
రామతులసి

*

రాయగడ
6 నవంబరు

ప్రియమైన మహాప్రసాద్,

ఊరక రారు మహాత్ములంటారు. ఊరికే విందులూ ఇవ్వరు.

నువ్వు మరిచిపోయావేమో, నేను మరవలేదు. పదమూడేళ్ళప్పుడు కోరాపుట్ కొండమీది జగన్నాథుని గుడిలో ఒకరి నోట్లో ఒకరం ప్రసాదం పెట్టుకుని మహాప్రసాదులమయ్యాం. ఒడియా టీచరమ్మ ఏం చెప్పింది? "ఇక మీరు తోడబుట్టినవాళ్ళ లెక్క. ఒకరి పేరొకరు పలకకూడదు, రాయకూడదు." దానికి తోక మనమే తగిలించుకున్నాం. పేరెత్తినవాళ్ళు విందు ఇవ్వాలి, అదీ ఇద్దరం అంతవరకూ ఎరగని తిండి. మొదటి ముద్ద తప్పు చేసినవాళ్ళ చేత్తోనే పెట్టాలి.

నలభై ఏడేళ్ళలో రెండే తప్పులు జరిగాయి. బస్సు నా మీదికి వస్తుంటే నువ్వు నా పేరు అరిచావు, గుప్‌చుప్, అదే పానీపూరీ, పెట్టావు. నీ పెళ్ళి శుభలేఖ నేను పైకి చదివేశాను, జయపురం తీసుకెళ్ళి ఐస్‌క్రీము పెట్టాను. అంతే. ఇప్పటికీ నువ్వు కవరు మీద "హెడ్‌మిస్ట్రెస్ గారికి" అని రాస్తావు, నేను మీ ఆయన పేరు రాస్తాను.

ప్రాణం కాపాడిన తప్పుకి గుప్‌చుప్ సరిపోయింది. మరి కొండమీది రిసార్టుకు సరిపడా తప్పు ఏం చేశావు? నా పేరు ఎక్కడ ఎత్తావు? ఎవరి ముందు?

ఇక్కడ నా రోజులేం బాగాలేవు. జిల్లా ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి నా సర్వీసు పుస్తకం పట్టుకుపోయాడు. ఎందుకో చెప్పలేదు. ఈ సమయంలో నీకు నా మీద ఇంత ప్రేమ పుట్టుకురావడం నాకు వింతగా ఉంది.

జవాబు సూటిగా రాయి.

నీ మహాప్రసాద్,
రాజ్యం

*

కోరాపుట్
9 నవంబరు

నా ప్రియమైన అనుమానపు పక్షీ,

దొరికిపోయాను. నీ దగ్గర దాచడం నా వల్ల ఎప్పుడైనా అయిందా? అవును, నీ పేరెత్తాను. ఒక్కసారి కాదు, మూడుసార్లు. ఒకరి చెవిలో మెల్లగా చెప్పాను. ఎవరి చెవిలో అన్నది మాత్రం ఇప్పుడు చెప్పను. నువ్వు వచ్చి నీ కళ్ళతో చూడాలి, అప్పుడు నీ మొహం నేను చూడాలి.

చెప్పినందుకు సిగ్గుపడటం లేదు. తెలిస్తే నువ్వు మొదట నన్ను తిడతావు, అది ఖాయం. తరవాతి సంగతి తరవాత.

బిశ్వజిత్‌కి మళ్ళీ ఫోను చేశాను. కాలాజీరా బియ్యంతో పులావు ఉంటుందట, మండియా, అదే మన రాగి పిండితో దోసెల్లాంటివి వేడివేడిగా మన ముందే వేస్తారట, కాఫీ ఇక్కడి తోటల్లోదే. కేకులూ, పేరు తెలియని ఆకులూ వేరే. "చల్లారిందేదీ మా మేడమ్ ముట్టుకోదు" అని చెప్పాను. "ఎవరండీ ఆవిడ, కలెక్టరా?" అన్నాడు. అంతకన్నా పెద్దదన్నాను. కిటికీ పక్క, రెండు కుర్చీల బల్ల రాయించాను.

సర్వీసు పుస్తకం సంగతి పెద్దగా పట్టించుకోకు. రిటైరయ్యే ముందు అందరివీ చూస్తారు. నాదీ చూశారు.

ఆ నీలం చీర కట్టుకుని రా.

నీ మహాప్రసాద్,
రామతులసి

*

రాయగడ
13 నవంబరు

మహాప్రసాద్,

'ప్రియమైన' అని రాయడానికి చెయ్యి రాలేదు.

సర్వీసు పుస్తకం ఎందుకు పట్టుకుపోయారో తెలిసింది. నా మీద సంతకం లేని ఉత్తరం ఒకటి వెళ్ళిందట. నేను పుట్టింది 1966లో కాదు, 1965లో అని. ఈపాటికే రిటైరు కావలసినదాన్ని, దొంగ తేదీతో హెడ్‌మిస్ట్రెస్ కుర్చీలో కూర్చున్నానని. అది రుజువైతే పరువుతో పాటు పింఛనూ చిక్కుల్లో పడుతుంది. నాకు ఆ జీతం తప్ప వెనకా ముందూ ఎవరున్నారు?

ఇప్పుడు నువ్వే చెప్పు. మన నాన్నలిద్దరూ ఒకే ఆఫీసులో గుమాస్తాలు. ఒకే ఆసుపత్రిలో నాలుగు రోజుల తేడాలో మనం పుట్టాం. బడిలో వేసేటప్పుడు మా నాన్న ఒక ఏడాది తగ్గించి రాయించాడు, మీ నాన్న రాయించలేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళలో నువ్వు తప్ప బతికున్నది ఎవరు?

మార్చిలో నీకు రిటైర్మెంటు దండ వేసి పంపించిన రోజు నా భుజం మీద చెయ్యేసి ఏమన్నావు? "నీకింకా ఏడాది ఉందే అమ్మి, రేపట్నుంచి నాకేటుంది?" అన్నావు. నవ్వావు. ఆ నవ్వు నాకిప్పుడు అర్థమవుతోంది.

చెవిలో మెల్లగా చెప్పావా? మూడుసార్లా? ఆ చెవి జిల్లా ఆఫీసులో ఉందా? "సర్వీసు పుస్తకం పట్టించుకోకు" అని నువ్వు రాసిన మాట చూసి నా ఒళ్ళు మండింది. గొంతు కోసి, పైన గంధం రాయడమంటే ఇదే.

ఆ ఆఫీసాయన నిన్న మళ్ళీ వచ్చాడు. నేనూ చెప్పవలసింది చెప్పాను.

నీ పులావు నువ్వే తిను. రెండో కుర్చీలో నీ మాట చెవిలో వేసుకున్నవాళ్ళని కూర్చోబెట్టుకో.

రాజ్యం

*

కోరాపుట్
17 నవంబరు

ప్రియమైన మహాప్రసాద్,

నాకు మాత్రం 'ప్రియమైన' అని రాయడానికి చెయ్యి వస్తోంది. అలవాటు అలాంటిది.

నీ ఉత్తరం చదివి వంటింట్లో పీటమీద కూర్చుని ఏడ్చాను. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. కోపం తగ్గాక రాస్తున్నాను, అందుకే జవాబుకి రెండు రోజులు పట్టింది.

నేను నీ పేరు చెప్పిన చెవి వేలెడంత ఉంటుంది. దానికి ఇంకా ముక్కూ మొహం గుర్తుపట్టడం రాదు. ఇరవయ్యొకటో రోజున పాపని ఒళ్ళో పెట్టుకుని, "అత్తయ్యా, చెవిలో పేరు మీరే చెప్పండి" అంది సస్మిత. మూడుసార్లు చెప్పాను. రాజ్యం, రాజ్యం, రాజ్యం. ఇదిగో, ఇక్కడ రాశాను కూడా. ఈ తప్పులన్నీ నావే.

"అమ్మా, పాతకాలం పేరు, బళ్ళో నవ్వుతారు" అన్నాడు అనురాగ్. నా కోడలే నా పక్షాన నిలబడింది. "ఆమె ఉత్తరం వచ్చిన రోజు మీ అమ్మ మొహం నేను చూస్తాను. ఆ పేరే ఉండనీ" అంది. నీ పేరు నీకు నచ్చదనీ, ముందే చెబితే వద్దని గోల చేస్తావనీ దాచాను. నీకు పిల్లలు లేరని మీ బంధువులు ఎవరో అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఇక ఆ మాట ఎవరైనా అంటే పాపని ఎత్తి చూపిద్దామనుకున్నాను. రోజుకి ముప్పైసార్లు నీ పేరెత్తాల్సిన మనిషిని, గుప్‌చుప్‌తో సరిపెడితే ఏం బావుంటుందని రిసార్టు వెతికాను.

ఇక నీ పుట్టిన తేదీ. నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా తెలియదు. దీనికి సాక్ష్యం తెమ్మంటే నా దగ్గర లేదు. నమ్మితే రా. నమ్మకపోతే రావద్దు. రెండు కుర్చీల బల్ల మాత్రం మార్చలేదు. ఆదివారం పదకొండింటికి అక్కడ కూర్చుంటాను. ఒక గంట చూసి వెళ్ళిపోతాను.

నీ మహాప్రసాద్,
రామతులసి

*

రాయగడ నుంచి వచ్చే పాసింజరులో
23 నవంబరు, ఆదివారం

ప్రియమైన రామతులసీ,

చూశావా, నీ పేరు రాశాను. కవరు మీదా రాశాను. దిద్దుకోవడం రాని దాన్ని కాదు, తెలిసే రాశాను. సొరంగం వచ్చినప్పుడల్లా అక్షరాలు వంకరపోతున్నాయి, సర్దుకుని చదువు.

నీ ఉత్తరం అందగానే మా ఆదిశేషు మాస్టారిని గదిలోకి పిలిచి అడిగాను. నేను దిగిపోతే ఈ కుర్చీ ఆయనకే వస్తుందని నాకు తెలుసు. ఆయన తల దించుకోలేదు. "మీరే కదండీ సెప్పేరు. మార్చిలో ఆవిడ రిటైరైన రోజు, టీ తాగుతా, మేమిద్దరం ఒకే వారంలో పుట్టేం అని మీరే నవ్వేరు. నేను నెక్క సూసుకుని ఆఫీసుకి రాసేను" అన్నాడు. నిజమే. నీ గురించి గొప్పగా చెప్పుకుంటూ నేనే అన్నాను. ఎనిమిది నెలలుగా ఆ మాట ఆయన దగ్గర ఉంది. నేను మాత్రం నిన్ను వెతుక్కున్నాను.

ఇంకా ఉంది. ఇది రాయడానికే ఇంత దూరం నుంచి మొదలుపెట్టాను.

నీకు కోపంగా ఉత్తరం రాయడానికి ముందు రోజు ఆఫీసాయన వచ్చాడు. "మీకెవరి మీదైనా అనుమానమా?" అన్నాడు. "రామతులసి, రిటైర్డ్ టీచరు, కోరాపుట్. నా కుర్చీ చూసి కుళ్ళు. ఆమె మాట నమ్మకండి" అన్నాను. ఆయన రాసుకున్నాడు. నేను కింద సంతకం పెట్టాను. నువ్వు నా పేరు పసిబిడ్డ చెవిలో చెప్పావు. నేను నీ పేరు ఆ కాగితంలో ఎక్కించాను.

రేపు సోమవారం. ఆఫీసుకి వెళ్తాను. నీ మీద చెప్పింది అబద్ధమని రాసిస్తాను. నేను పుట్టింది 1965లోనని కూడా నేనే రాసిస్తాను. కుర్చీ పోతుంది, పోనీ. పింఛను ఏమవుతుందో తెలియదు. భయంగానే ఉంది, నీ దగ్గర ధైర్యం నటించను. కానీ పాపకి పెట్టిన పేరు మీద ఆ కాగితం ఉండకూడదు.

స్టేషనులో దిగి, ఆటోలో వచ్చి, కొండ కింద ఈ చివరి ముక్క రాస్తున్నాను. మెట్లు పదమూడే, నేనూ లెక్కపెట్టాను. వాలు దారీ కనిపిస్తోంది. అయినా పైకి రాను. బిశ్వజిత్‌ని పిలిపించాను, ఈ కవరు అతనే నీకిస్తాడు. నీలం చీరే కట్టుకున్నాను.

మొదటి ముద్ద తప్పు చేసినవాళ్ళ చేత్తో పెట్టాలన్నది మన నియమం. ఈ చేత్తో పెడితే తినగలవో లేదో నాకు తెలియదు. తినలేనంటే, నేను ఇక్కడినుంచే వెనక్కి వెళ్తాను, నిన్ను ఒక్క మాట అనను. తినగలిగితే కిటికీ దగ్గరికి వచ్చి నన్ను పిలువు. మహాప్రసాద్ అని వద్దు. పాపని పిలిచినట్టు, పేరు పెట్టి పిలువు.

కింద నిలబడి,
రాజ్యం